గురువారం పాత సామాన్ల షికారు: జుమ్మేరాత్ బజార్ నుంచి కోఠి దాకా, అందరూ అడిగే ప్రశ్నలు

నాకు పాత సామాన్ల పిచ్చి ఉందని తెలిసిన దగ్గర్నుంచి చుట్టాలూ స్నేహితులూ ఇవే ప్రశ్నలు తిప్పితిప్పి అడుగుతున్నారు. నెలకో గురువారం సెలవు పెట్టి తెల్లవారకముందే హైదరాబాద్ పాతబస్తీలో, పురానాపూల్ దగ్గరి జుమ్మేరాత్ బజార్ అనే పాత సామాన్ల సంత వైపు బండి తీయడం నాకు పన్నెండేళ్ళ అలవాటు. వెంట వస్తామన్న ప్రతివాళ్ళకీ ఫోన్లో మొదట్నుంచీ చెప్పే ఓపిక తగ్గి, ఇలా ఒకచోట రాసిపెట్టాను. నేను వ్యాపారిని కాను. ఏ దుకాణానికీ కమీషన్ మీద గిరాకీ తోలను.

గురువారమే ఎందుకు? ఆదివారం కుదరదా?

ఉర్దూలో జుమ్మేరాత్ అంటేనే గురువారం. సంత పేరులోనే వారం ఉంది కాబట్టి వేరే రోజు వెళ్తే మీకు ఆ సంత కనిపించదు. పైగా మన దారిలో ఉన్న సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు, గురువారం తెరిచే ఉంటుంది.

ఆదివారం తప్ప వీలుకాని వాళ్ళకు ఎర్రగడ్డ సంత ఉంది. అక్కడ పాత పనిముట్లు, మోటార్లు, కుర్చీలు, బల్లలు ఎక్కువ. ఆబిడ్స్‌లో దుకాణాలు మూసి ఉండే ఆదివారాల్లో ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాలు పరుస్తారు. రెండూ మంచివే. ఇత్తడి, గడియారాలు, బిద్రీ (నల్లటి లోహంలో వెండి పొదిగిన సామాను), నాణేలు కావాలంటే మాత్రం గురువారం రావాల్సిందే.

ఎన్నింటికి రావాలి?

వెలుతురు రాకముందే. నేను ఐదున్నరకల్లా అక్కడ ఉంటాను. చాలామంది సెల్‌ఫోన్ లైటు వేసుకుని వెతుకుతుంటారు. అది సరిపోదు, చిన్న టార్చి తెచ్చుకోండి.

ఇంత పొద్దున్నే ఎందుకంటే, ఆ సమయంలో కొనేవాళ్ళలో సగంమంది దుకాణదారులే. గోనెపట్టా మీద పొద్దున పడి ఉన్న, పన్నీరు చల్లే గులాబ్‌పాష్ మధ్యాహ్నానికి పాతబస్తీలో ఏదో ఒక అద్దాల బీరువాలోకి చేరుతుంది. అప్పుడు దాని ధర మూడింతలు. తొమ్మిది దాటాక వస్తే మిగిలేవి మిక్సీ జార్లు, ఒంటి చెప్పులు, రిమోట్లు. అవి చూడటానికీ సరదాగానే ఉంటాయి, అది వేరే సంగతి.

రోజంతా ఎలా సాగుతుంది?

పురానాపూల్ దగ్గర్లో, బేగంబజార్, ధూల్‌పేట వైపు ఉన్న సంతలో మూడు గంటలు. ఆ పురానాపూల్ మూసీ మీద కట్టిన మొదటి వంతెన, 1578 నాటిది. మనం వెతికే సామాన్లన్నిటికంటే పాత సరుకు అదే, బేరం మాత్రం లేదు. తర్వాత ఇరానీ హోటల్లో చాయ్, ఉస్మానియా బిస్కట్టు. పది గంటలకు సాలార్‌జంగ్ మ్యూజియం. మధ్యాహ్నం చార్మినార్ మీదుగా మహబూబ్ చౌక్. సాయంత్రం కోఠిలో పాత పుస్తకాలు. అన్నీ కలిపినా దూరం పెద్దదేమీ కాదు, ఆటోలో ఐతే ముక్కలు ముక్కలుగా ఐదారు కిలోమీటర్లు.

కారు తేవద్దు. మెట్రోలో వచ్చేవాళ్ళకు ఎంజీబీఎస్ స్టేషన్ దగ్గర, కాకపోతే అంత పొద్దున్నే మెట్రో ఉండదు. పొద్దున ఆటో, సాయంత్రం మెట్రో నా పద్ధతి.

కొనడానికి వచ్చి మ్యూజియం దేనికి?

అందరూ దాటేద్దామనేది ఈ భాగాన్నే. నేను ఒప్పుకోను. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ తన సంపద పోసి కొన్నవే అక్కడ ఎక్కువ. 1951లో జనానికి తెరిచారు, 1968లో ఇప్పటి భవనంలోకి మార్చారు. జనమంతా గంట గంటకూ బొమ్మ బయటికొచ్చి గంట కొట్టే గడియారం ముందు, ముసుగు రెబెక్కా శిల్పం ముందు గుమిగూడతారు. మీరు నేరుగా బిద్రీ గదిలోకి, లోహపు సామాన్ల దగ్గరకి వెళ్ళండి. అసలుది అంచు దగ్గర ఎలా ఉంటుంది, అరిగిన వెండి ఏ రంగులో ఉంటుంది, పట్టుకునే చోట నునుపు ఎలా వస్తుంది అనేవి గంటసేపు కళ్ళారా చూస్తే, మధ్యాహ్నం దుకాణంలో నకిలీ తనంతట తానే దొరికిపోతుంది. కంటికి ఆ గంట చాకిరీ చేయించకుండా మహబూబ్ చౌక్‌లో పర్సు తీయకండి.

సంతలో అసలేం దొరుకుతాయి?

ఈ వారం ఉన్నది వచ్చే వారం ఉండదు. నేను చూసినవాటిలో కొన్ని: లాంతర్లు, పెట్రోమాక్స్ లైట్లు, తాళంచెవి పోయిన తాళాలు, తాళం లేని చెవులు (ఇవి కుప్పలు), అడకత్తెరలు, తమలపాకులు పెట్టుకునే పాన్‌దాన్‌లు, ఉమ్మివేసే ఉగాల్దాన్‌లు, ట్రంకు పెట్టెలు, పింగాణీ పూత రాలిన పళ్ళాలు, కాయిల్ పోయిన ఫ్యాన్లు, గోడ గడియారాల లోలకాలు, ఎవరివో పెళ్ళి ఫొటోలు. ఒకసారి సోల, తవ్వ, మానిక కొలతపాత్రలు మూడూ ఒకదాంట్లో ఒకటి పెట్టి ఉన్నాయి. రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. నీళ్ళు పోసి చూశాను, లెక్క సరిపోయింది. అమ్మే కుర్రాడికి అవేంటో తెలీదు, "గ్లాసులు సార్" అన్నాడు.

ఈ సామాన్లన్నీ ఎక్కడి నుంచి వస్తాయి?

మీ ఇంట్లోంచి, మా ఇంట్లోంచి. స్టీలు మోజు మొదలైన రోజుల్లో ఇళ్ళల్లో ఇత్తడి గుండిగలు, గంగాళాలు తూకానికి వేసి టిఫిన్ క్యారియర్లు తెచ్చుకున్నారు. మా నాయనమ్మ వంటింట్లో ఇరవై మందికి పప్పు ఉడికే గుండిగ ఒకటి ఉండేది. దానికి బదులు వచ్చిన స్టీలు డబ్బాలు ఇప్పటికీ మా ఇంట్లో ఉన్నాయి, గుండిగ లేదు. ఇల్లు పడగొట్టి అపార్టుమెంటు కట్టేటప్పుడు, అన్నదమ్ములు పంచుకునేటప్పుడు, పెద్దవాళ్ళు పోయాక అటక ఖాళీ చేసేటప్పుడు ఇవి పాత సామాన్లవాళ్ళ బండెక్కుతాయి. వాళ్ళు కరిగించడానికి పంపే ముందు బాగున్నవి ఏరి ఇక్కడికి తెస్తారు.

దొంగ సామాన్లు అమ్ముతారటగా?

ఆ పేరు ఈ సంతకు ఎప్పటినుంచో ఉంది. అందరూ అలాంటివాళ్ళు కాదు, ఏరుకొచ్చి అమ్ముకునేవాళ్ళే ఎక్కువ. అయినా ఒక గీత గీసుకోండి. ఫోన్లు, లాప్‌టాప్‌లు, బండి భాగాలు, కెమెరాలు ముట్టుకోవద్దు. దొంగసొత్తని తెలిసో, అనుమానించాల్సిన పరిస్థితి ఉండీ కొంటేనో నేరం కొన్నవాడి మీదికీ వస్తుంది. పాత శిక్షాస్మృతిలో 411వ సెక్షన్, 2024 జూలై నుంచి భారతీయ న్యాయ సంహితలో 317.

వద్దన్నా ఫోన్ కొనేవాళ్ళకు ఒక మాట. స్టార్, హ్యాష్, సున్నా, ఆరు, హ్యాష్ (*#06#) కొట్టి ఐఎంఈఐ నంబరు, అంటే ఆ ఫోన్ గుర్తింపు సంఖ్య, చూడండి. కేవైఎం అని ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, ఖాళీ వదిలి ఆ నంబరు వేసి 14422కు సందేశం పంపితే అది బ్లాక్ అయిందో లేదో తెలుస్తుంది. అమ్మేవాడు "అంతసేపు ఆగలేను" అంటే జవాబు వచ్చేసినట్టే.

ఇత్తడి, కంచు, రాగి తేడా ఎలా పట్టాలి?

జేబులో చిన్న అయస్కాంతం వేసుకు రండి. ఈ మూడిట్లో దేనికీ అది అంటుకోదు. అంటుకుందంటే లోపల ఇనుము, పైన పసుపు పూత. దీపపు కుందుల్లోనూ గడియారం పెట్టెల్లోనూ ఈ మోసం ఎక్కువ.

రాగి ఎర్రగా ఉంటుంది, దాంతో గొడవ లేదు. ఇత్తడి రాగీ జింకూ కలిసింది, పచ్చగా ఉంటుంది. కంచు రాగీ తగరమూ కలిసింది, కొంచెం గోధుమ ఛాయ. రంగు నమ్మకండి, మురికి పట్టాక అన్నీ ఒకటే. కంచాన్ని ఐదు వేళ్ళ కొసల మీద నిలబెట్టి గోటితో కొట్టండి. కంచైతే మోత సాగుతూ పోతుంది. ఇత్తడైతే ఖంగుమని ఆగిపోతుంది. కంచే అయ్యుండి బొంగురుగా పలికితే ఎక్కడో పగులుంది. కంచు పెళుసు, పగిలిందాన్ని అతికించినా ఆ గొంతు రాదు. అందుకే కంచు సామాను కొట్టి చూడకుండా కొనను. దుకాణంలో కొట్టి చూస్తే ఏమనుకుంటారో అని మొహమాటపడతారు కొందరు. కొట్టకపోతేనే వాళ్ళు మిమ్మల్ని తేలిగ్గా చూస్తారు.

జర్మన్ సిల్వర్‌లో వెండి ఉండదు. రాగి, నికెల్, జింకు అంతే. "సగం వెండి సార్" అంటే నవ్వి ఊరుకోండి.

పాతదా, పాతగా చేసిందా? ఎలా తెలుస్తుంది?

అరుగుదల ఉండాల్సిన చోటే ఉందా అని చూస్తాను. బిందెను చంకన పెట్టుకుని మోస్తారు కాబట్టి కడుపు ఒక పక్క నునుపెక్కుతుంది, అడుగున సొట్టలు పడతాయి. చెంబు మెడ దగ్గర వేళ్ళు పట్టే చోట అరుగుతుంది. అడకత్తెర ఇరుసు వదులవుతుంది. ఒళ్ళంతా ఒకే తీరుగా నల్లగా, ఒకే తీరుగా గీతలు పడి ఉంటే యాసిడ్‌లో ముంచి తీసినదే. ఆకుపచ్చ చిలుము కూడా అంతే. నిజంగా పట్టింది గోటికి రాదు, పూసింది పొడిగా రాలుతుంది.

పాత బిందెను రెండు మూడు ముక్కలుగా చేసి అతికేవాళ్ళు. లోపల టార్చి వేసి చూస్తే కడుపు దగ్గర పళ్ళు పళ్ళుగా కలిసిన అతుకు కనిపిస్తుంది. సుత్తి దెబ్బలు చిన్న చిన్న పలకల్లా ఉంటాయి. అతుకే లేకుండా, లోపల గ్రామఫోన్ రికార్డు మీదలా సన్నని చుట్టుగీతలుంటే యంత్రం మీద తిప్పి తీసింది.

చెక్క సామానుకైతే మరలు చూడండి. తల మీద ప్లస్ గుర్తున్న మర 1930ల్లో గానీ రాలేదు. "నూటయాభై ఏళ్ళ భోషాణం"కి ప్లస్ మరలుంటే, మరమ్మతు చేశారా అని అడగండి. చేసి ఉండొచ్చు కూడా. సొరుగు బయటికి లాగి వెనక పలక చూడండి, ప్లైవుడ్ కనిపిస్తే మాత్రం ఇక అడగక్కర్లేదు.

గ్రామఫోన్ల గురించి చాలామంది అడుగుతారు. నిగనిగలాడే ఇత్తడి గొట్టం, ముందు కుక్క బొమ్మ, కొత్త చెక్కపెట్టె ఉంటే అది గోడ పక్కన అలంకారం. లోపలి మోటారు ఏదో పాత పెట్టెది తీసి పెట్టి ఉంటారు. అలంకారానికే అనుకుని, అలంకారం ధరకు కొంటే తప్పులేదు.

బిద్రీ అసలుదేనా అని ఎలా చూడాలి?

బీదర్ ఒకప్పుడు మన నిజాం రాజ్యంలోదే, అందుకే పాతబస్తీ ఇళ్ళలో బిద్రీ ఇంత ఉంది. ఎక్కువపాళ్ళు జింకు, కొద్దిగా రాగి కలిపి పోత పోస్తారు. మీద ఉలితో చెక్కి, ఆ గాడిలో వెండి తీగో రేకో కూర్చి కొడతారు. చివర్లో బీదర్ కోట మట్టిని నవసారం అనే లవణంతో కలిపి పట్టిస్తే జింకు కారునలుపు తిరుగుతుంది, వెండికి ఏమీ కాదు. ఆ నలుపూ తెలుపూ అలా వస్తాయి. 2006లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది.

నకిలీలో నల్ల రంగు మీద తెల్ల రంగు. కళ్ళు మూసుకుని బొటనవేలు మీద నుంచి పోనివ్వండి. రంగైతే కొంచెం ఎత్తుగా తగులుతుంది. కూర్చిన వెండి లోహంలో సమంగా కలిసిపోయి ఉంటుంది, పాతదైతే అక్కడక్కడా తీగ ఊడి ఖాళీ గాడి కనిపిస్తుంది. ఆ ఖాళీ గాడి నాకు పత్రం లాంటిది. చేతిలో బరువు తెలియాలి, తేలిగ్గా ఉంటే వదిలేయండి. ఇంటికొచ్చాక ఇత్తడి పాలిష్ రాయకండి, నలుపు లేచిపోతుంది. చుక్క కొబ్బరినూనె, మెత్తటి గుడ్డ చాలు.

నాణేలు కొనొచ్చా?

కొనండి, కానీ లెక్క తెలుసుకుని. నిజాం రాజ్యపు సొంత నాణేలైన హాలీ సిక్కాల్లో తర్వాతి కాలం వాటి మీద చార్మినార్ ఉంటుంది. ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ నాణేల్లో ఆ చార్మినార్ ద్వారంలో ఐన్ అనే అక్షరం, ఆయన తండ్రి మహబూబ్ అలీ ఖాన్ నాణేల్లో మీమ్. సంవత్సరం హిజ్రీలో ఉంటుంది. 1330 అని ఉంటే 1911-12. "సార్ ఇది ఏడువందల ఏళ్ళనాటిది, 1330" అని నాకు ఒకాయన చాలా నమ్మకంగా చెప్పాడు. ఆయనా నమ్మే అమ్ముతున్నాడనుకుంటాను.

బ్రిటిష్ వెండి రూపాయి సరిగ్గా పాతకాలపు తులం, 11.66 గ్రాములు. హాలీ రూపాయి అంతకంటే కొద్దిగా తక్కువ. చిన్న తూకం వెంట ఉంటే సగం నకిలీలు అక్కడే పోతాయి. 1947 రూపాయి నికెల్, దానికి అయస్కాంతం అంటుకుంటుంది, అది వెండి అని ఎవరైనా అంటే కాదు.

ఇంకొకటి. ఈస్టిండియా కంపెనీ పేరు, 1818 అన్న అంకె, వెనక రామపట్టాభిషేకమో హనుమంతుడో ఉన్న నాణేలు గంపలకొద్దీ కనిపిస్తాయి. కంపెనీ అలాంటి నాణెం వేయలేదు. దేశమంతటికీ ఒకే తీరు కంపెనీ రూపాయి వచ్చిందే 1835లో, దాని మీద నాలుగో విలియం తల. రాముడి బొమ్మ పూజలో పెట్టుకోవాలనుకుంటే యాభై రూపాయలకు తీసుకోండి, అంతకుమించి వద్దు.

ట్రాక్టర్ బొమ్మ ఐదు రూపాయల నోటుకు లక్షలిస్తారని వీడియో చూశాను. నిజమేనా?

కాదు. ముందు రిజిస్ట్రేషన్ ఫీజు, తర్వాత జీఎస్టీ అని మీ దగ్గరే లాగుతారు. తమ పేరు వాడుకుని పాత నోట్ల మీద ఫీజులు వసూలు చేస్తున్నారని రిజర్వు బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది.

ఇదే కుటుంబంలోది రైస్ పుల్లింగ్. పిడుగు పడిన రాగి చెంబు బియ్యాన్ని లాగుతుందనీ, విదేశీ సంస్థలు కోట్లిచ్చి కొంటాయనీ చెబుతారు. బియ్యానికి ఇనుప రజను పట్టించి, చెంబులో అయస్కాంతం దాస్తే ఏ గింజైనా వస్తుంది. చదువుకున్నవాళ్ళు, ఉద్యోగాలున్నవాళ్ళు పొలాలమ్మి మరీ ఇందులో పెట్టారు. సంతలో ఎవరైనా మిమ్మల్ని పక్కకు పిలిచి గొంతు తగ్గించి "పవరున్న సామాను ఉంది" అంటే నడుస్తూనే ఉండండి.

బేరం ఎలా ఆడాలి? నాకు హిందీ అంతంతమాత్రం.

తెలుగు నడుస్తుంది. అన్నా, భాయ్, పెద్దాయనైతే చాచా. "కిత్నా" అని మొదలుపెట్టి తెలుగులోకి దిగినా ఎవరూ ఏమీ అనుకోరు, వాళ్ళూ అదే చేస్తారు.

మీకు కావాల్సిన వస్తువును ముందు పట్టుకోకండి. పక్కదాన్ని తిరగేయండి, దాని ధర అడగండి, పెట్టేయండి. పోతూ పోతూ కావాల్సినదాన్ని కాలితో చూపించినట్టు అడగండి (కాలితో నిజంగా తాకొద్దు, బోణీ వేళ అది మర్యాద కాదు). నా మరచెంబు బేరం ఇలా సాగింది:

"చాచా, ఈ చెంబెంత?"
"పన్నెండొందలు. నవాబు ఇంట్లోది."
"నవాబు ఇంట్లో తెలుగు పేరు ఎందుకు చెక్కుతారు చాచా?"

ఆయన చెంబు తీసుకుని, కళ్ళజోడు పైకెత్తి, నేను చూపించిన చోట చూశాడు. ఒక్క క్షణం ఆగి, "నవాబు దివాను ఇంట్లోది" అన్నాడు. ఇద్దరం నవ్వాం. ఆరువందల యాభైకి ఇచ్చాడు.

నేను నేర్చుకున్నదల్లా ఇదే. కథకు డబ్బులివ్వను. చేతిలో ఉన్న ఇత్తడికి, దాని పనితనానికి, దాని మీద నాకున్న ఇష్టానికి ఇస్తాను. ఆ రోజు పాతిత్తడి కిలో ధర ఎంతో తెలుసుకుని వెళ్తే నేల ఎక్కడుందో తెలుస్తుంది, ఆ పైన ఎంత ఎక్కుతారో మీ ఇష్టం. బోణీ బేరాన్ని మరీ సాగదీసి వదిలేయడం మాత్రం మంచిది కాదు. కొనే ఉద్దేశం లేకపోతే మొదటి గంటలో ధర అడగకండి.

మహబూబ్ చౌక్‌లో ఏముంది?

జనం ముర్గీ చౌక్ అంటారు, కోళ్ళ బజారు అక్కడే కాబట్టి. చార్మినార్ నుంచి లాడ్‌బజార్ గాజుల మెరుపులన్నీ దాటి అవతలి కొసకు పోతే 1892లో కట్టిన గడియారపు స్తంభం కనిపిస్తుంది. ఆ చుట్టుపక్కల పాత సామాన్ల దుకాణాలు. ఇక్కడ ధరలు సంతలో లాంటివి కావు, సరుకు కూడా కాదు. కడిగి, తుడిచి, వరసగా పెట్టి ఉంటాయి. షాండ్లియర్లు, గోడ గడియారాలు, పింగాణీ పళ్ళాలు, అత్తరు పెట్టే ఇత్రదాన్‌లు. ఓపికున్న దుకాణదారు దొరికితే ఒక చాయ్ తాగేలోపు పుస్తకాల్లో లేనివి నేర్చుకోవచ్చు. ఏమీ కొనకపోయినా పర్వాలేదు, రెండోసారి వెళ్తే గుర్తుపడతారు. మూడోసారి లోపలి గది తెరుస్తారు.

చట్టం ఏమంటుంది? అమెరికా తీసుకెళ్ళొచ్చా?

పురావస్తువులు, కళాఖండాల చట్టం 1972లో వచ్చింది, 1976 ఏప్రిల్ 5 నుంచి అమల్లో ఉంది. నూరేళ్ళు దాటిన శిల్పాలు, చిత్రాలు, నాణేలు, చేతిపని వస్తువులు దాని కిందికి వస్తాయి. రాతప్రతులకైతే 75 ఏళ్ళు చాలు. అలాంటివి దేశం దాటించే హక్కు ప్రైవేటు వ్యక్తులకు లేదు. అమ్మే వ్యాపారికి లైసెన్సు ఉండాలి. రాతి, లోహ విగ్రహాల్లాంటి కొన్ని రకాలను మీ దగ్గరున్నా నమోదు చేయించాలి.

మీ అక్కకు డాలస్ తీసుకెళ్ళాలనుకున్న ఇత్తడి కూజా నూరేళ్ళది కాకపోవచ్చు, కానీ ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ వాళ్ళకు అనుమానం వస్తే మీరు నిరూపించుకోవాలి. అనుమానం పుట్టించే వస్తువైతే ముందే పురావస్తు సర్వేక్షణ సంస్థ దగ్గర ఇది పురావస్తువు కాదని ధ్రువపత్రం తీసుకోండి. ప్రయాణం ముందురోజు గుర్తొస్తే లాభం లేదు. దుకాణంలో బిల్లు అడగండి. "రెండువందల ఏళ్ళనాటిది" అని నోటితో చెప్పే మనిషి అదే మాట బిల్లు మీద రాయడానికి ఎందుకు వెనకాడతాడో అక్కడే అర్థమవుతుంది.

ఏనుగు దంతం, పులిగోరు, జింక కొమ్ములు ఎంత పాతవైనా వద్దు. వన్యప్రాణి చట్టం ఒప్పుకోదు, తాతలనాటి గొలుసులో ఉందన్నా సరే. పురాతన విగ్రహం ఎవరైనా చాటుగా చూపిస్తే అది ఏ ఊరి గుడిలోదో అనుకోండి.

మా అటక మీద సామాన్లు అమ్ముదామనుకుంటున్నాం. ఎంతొస్తుంది?

తూకానికి వేసేవాడిని మొదట పిలవకండి. ముందు అన్నీ దించి, పేర్లు చెక్కి ఉన్నవి, మూతలు సరిపోయేవి, జతలు జతలుగా ఉన్నవి పక్కన పెట్టండి. అడుగు పోయినవి, సొట్టలు తిన్నవి మాత్రమే తూకానికి. తర్వాత పిల్లలందరికీ ఫొటోలు పంపండి. నూటికి తొంభై ఇళ్ళల్లో "అయ్యో అది నాకు కావాలి" అని ఒకరు అంటారు, అమ్మేశాక.

కొన్నవాటిని ఎలా కడగాలి? వాడుకోవచ్చా?

ఇత్తడి, రాగి వాడుకోవడానికైతే చింతపండు, ఉప్పు. తళతళ మెరవాలంటే కొంచెం మెత్తటి ఇసుకో ముగ్గుపిండో. చూసుకోవడానికైతే సబ్బునీళ్ళతో ఆపేయండి, పాత రంగు పోగొట్టుకుంటే మళ్ళీ రాదు. నాణేలను అసలు తోమకండి, తోమిన నాణేనికి సేకరించేవాళ్ళ దగ్గర విలువ పడిపోతుంది.

వంటకు మాత్రం లోపల కళాయి, అంటే తగరపు పూత, ఉండాల్సిందే. కళాయి లేని ఇత్తడిలో పులుసు చిలుమెక్కుతుంది. కళాయి వేసేవాళ్ళు తగ్గిపోయారు కానీ పాతబస్తీలో ఇంకా ఉన్నారు. గిన్నెను కొలిమి మీద తిప్పుతూ, నవసారం చల్లి, తగరం ముక్క తాకించి దూదితో ఒక్క తుడుపు తుడిస్తే లోపలంతా చంద్రుడిలా తెల్లబడుతుంది. ఆ పొగ ముక్కుపుటాలు అదరగొడుతుంది, దూరంగా నిలబడండి. పాత అతుకుల్లో సీసం ఉండే అవకాశం ఉంది కాబట్టి పాత ఎలక్ట్రోప్లేటు, సత్తు గ్లాసుల్లో తాగకండి.

కోఠిలో ఏం చూడాలి?

ఇప్పుడు విశ్వవిద్యాలయమైన మహిళా కళాశాల పరిసరాల్లో పాత పుస్తకాల దుకాణాలు. ఎక్కువ భాగం పోటీపరీక్షలవీ ఇంజనీరింగువీ. అడుగున తెలుగు నవలలు, నిఘంటువులు, బైండు చేసిన వారపత్రికలు ఉంటాయి, వంగి వెతకాలి. చందమామ మొదలైంది 1947 జూలైలో. అంతకంటే పాత సంచిక అని చెబితే అది వేరే చందమామ. పుస్తకం లోపలి మొదటి పేజీ చూడండి, "చి. సౌ." అని మొదలయ్యే ఆశీస్సులు, బహుమతి ముద్రలు ఉంటాయి. నాకు పుస్తకం కంటే అవే ఇష్టం.

మీరెప్పుడూ మోసపోలేదా?

లండన్ అని, 1885 అని మూత మీద చెక్కిన ఇత్తడి దిక్సూచి ఒకటి 1,800 పెట్టి కొన్నాను. తోలుపెట్టె కూడా ఉంది. నాలుగు నెలలు వచ్చినవాళ్ళందరికీ చూపించాను. తర్వాత ఒక హస్తకళల ప్రదర్శనలో అవే దిక్సూచులు, అదే లండన్, అదే 1885, రూర్కీ సరుకు, డజను వరసగా పేర్చి ఉన్నాయి. ఒక్కోటి 450. అమ్మినాయన తప్పేమీ లేదు, పాతదని ఆయన ఒక్కమాటా అనలేదు. నేనే అనుకున్నాను. అది ఇప్పుడూ నా బల్ల మీద ఉంది, ఉత్తరం మాత్రం సరిగ్గానే చూపిస్తుంది.

పిల్లల్ని, పెద్దవాళ్ళని తీసుకురావచ్చా? ఎంత డబ్బు తేవాలి?

సంతకు చిన్నపిల్లలు వద్దు, నేలంతా మేకులు, గాజుముక్కలు. బూట్లు వేసుకోండి. పెద్దవాళ్ళను మ్యూజియం దగ్గర కలవమనండి, వాళ్ళు చెప్పే సంగతులు ఏ గైడూ చెప్పడు. రెండు వేలు చిల్లరగా తెచ్చుకోండి, సగం చొక్కా జేబులో, సగం లోపల. ఫోన్ చెల్లింపు చాలాచోట్ల నడుస్తుంది, కానీ ఫోన్ బయటికి తీస్తే ధర తగ్గదు.

ఎవరివో పేర్లున్న సామాన్లు ఇంట్లో పెట్టుకోవచ్చా? మా అత్తగారు ఒప్పుకోవడం లేదు.

మా అమ్మ కూడా ఒప్పుకోలేదు. మరచెంబు తెచ్చిన రోజు గడప దాటనివ్వలేదు. "ఎవరి ఇంట్లోదో, ఏ పరిస్థితిలో అమ్ముకున్నారో" అంది. చెంబు రెండు వారాలు వాకిట్లో కుళాయి పక్కనే ఉంది.

దాని మెడ కింద చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలున్నాయి. మొదటి భాగం అరిగిపోయింది. చివర "మ్మ" ఒక్కటే చేతికి తగులుతుంది, ఆ ఒత్తు కింద చుక్క కాస్త పక్కకి జారింది, కొట్టినవాడి చెయ్యి తొణికినట్టు. ఒకరోజు మా అమ్మ చెంబు కడుగుతూ ఆ చుక్కల మీద వేలు పెట్టి చాలాసేపు తడిమి, మిగతా పేరు ఏమై ఉంటుందని నన్ను అడిగింది. సుబ్బమ్మా, వెంకమ్మా, లక్ష్మమ్మా అని ఒక్కో పేరూ తనే కొలిచి చూసింది, అక్షరాలకు ఉన్న చోటు సరిపోతుందా అని. తర్వాత పసుపు రాసి కడిగి లోపలికి తెచ్చింది. ఇప్పుడు ఊరికి వెళ్ళేటప్పుడు నీళ్ళు అందులోనే. మర గట్టిగా బిగుస్తుంది, బస్సు కుదుపులకు కూడా చుక్క కారదు.

అత్తగారికి ముందు వస్తువు చూపించకండి. పేరు చదివిపెట్టమని అడగండి.